నైరూప్య చిత్రాల ప్రదర్శనకు మొదటిసారి వెళ్తున్నాను: బొమ్మ ముందు నిలబడి ఏం చూడాలి?

తొలిచూపు:

నమస్కారం. వచ్చే వారం ఒక నైరూప్య చిత్రాల ప్రదర్శన చూడటానికి వెళ్తున్నాను. నాలుగు గదులట, మొత్తం 60 దాకా ఉంటాయట. ఎక్కువ కాన్వాసులు, కొన్ని కాగితం మీద వేసినవి, నాలుగైదు నేల మీద పెట్టిన శిల్పాలు. చేతిలో రెండు గంటలుంటాయి.

మనిషో చెట్టో కొండో ఉన్న బొమ్మైతే చూపు దానంతటదే ఎక్కడో ఒకచోట ఆనుతుంది. ఏ రూపమూ లేని బొమ్మ ముందు కళ్లు జారిపోతుంటాయి, అర నిమిషంలో పక్కదానికి వెళ్లిపోవాలనిపిస్తుంది. అర్థం చెప్పమని అడగట్లేదు. ఎంత దూరంలో నిలబడాలి, ముందు ఏం చూడాలి, గోడ మీది చీటీ ఎప్పుడు చదవాలి, అన్నీ చూడాలా కొన్నే చూడాలా, ఫోటోలు తీసేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కుంచెగీత:

ముందు సమయం సంగతి. 60 బొమ్మల్ని 120 నిమిషాలకు పంచేస్తే ఒక్కోదానికి 2 నిమిషాలు, నడక పోను మిగిలేది ఇంకా తక్కువ. అలా చూస్తే బయటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకుల్ని గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కో చిత్రం ముందు జనం గడిపిన సమయం సగటున 27 సెకన్లు. రూపమున్న బొమ్మలో అంతసేపటికి కథ ఎంతో కొంత అందుతుంది. నైరూప్య చిత్రంలో మాత్రం చూపు ఇంకా కుదురుకోనే కుదురుకోదు.

కాబట్టి రెండు విడతలుగా చూడండి. మొదటి 20, 25 నిమిషాలు ఎక్కడా ఆగకుండా, ఏ చీటీ చదవకుండా నాలుగు గదులూ తిరగండి. దాటిపోయాక కూడా మెడ వెనక్కి తిప్పించినవి, ఊరికే చిరాకు పుట్టించినవి, రెండు రకాలూ గుర్తు పెట్టుకోండి. చిరాకు పుట్టించిందంటే అందులో కంటిని ఇబ్బంది పెట్టేది ఏదో ఉంది, అది ఏమిటో వెతకడం బాగుంటుంది. రెండో విడతలో ఆరు బొమ్మలు చాలు, ఒక్కోదానికి 10 నిమిషాలు. మధ్యలో ఒకసారి బెంచీ మీద కూర్చుని ఖాళీ గోడ చూడండి. గాఢమైన ఎరుపును అర నిమిషం కన్నార్పకుండా చూస్తే కంట్లో ఆ రంగును పట్టే కణాలు అలిసిపోతాయి. తర్వాత తెల్లటిదేది చూసినా దాని మీద నీలి ఆకుపచ్చ మచ్చ తేలుతుంది. ఆ మచ్చతోనే పక్క బొమ్మ దగ్గరికి వెళ్తే దాని రంగు మీకు తప్పుగా కనిపిస్తుంది, తప్పు బొమ్మది కాదు.

ఇక దూరం. ప్రతి బొమ్మనూ మూడు చోట్ల నుంచి చూడాలి.

మొదటిది, ఐమూల కొలతకు (ఒక మూల నుంచి ఎదురు మూల దాకా) రెట్టింపు దూరం. మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉన్న కాన్వాసుకు ఐమూల సుమారు 1.4 మీటర్లు కాబట్టి 2.8 మీటర్ల దూరంలో నిలబడండి. బొమ్మంతా ఒక్క చూపులో పడుతుంది. అక్కడ తేల్చుకోవాల్సింది బరువు ఎటు ఉందన్నదే. కళ్లు సగం మూసి చూడండి. చిన్న వివరాలన్నీ చెరిగిపోయి ముదురు, లేత భాగాలు మాత్రం మిగులుతాయి. ముదురంతా కిందికి దిగిందా, ఒక మూలకు జరిగిందా, దాన్ని నిలబెట్టడానికి ఎదురు మూలలో ఏ చిన్న మరక ఉంది? చాలా బొమ్మల్లో ఆ చిన్న మరకను వేలు అడ్డం పెట్టి కప్పి చూస్తే (గాలిలోనే, కంటి ముందు) బొమ్మ మొత్తం ఒరిగిపోయినట్టుంటుంది.

రెండోది, మీటరు దూరం. రంగుకు రంగు ఆనుకున్న చోట్లు ఇక్కడి నుంచి చూడాలి. మూడోది 50, 60 సెంటీమీటర్లు, నేల మీద గీత ఉంటే గీత వరకే. కాన్వాసు నేత, కుంచె వెంట్రుకల జాడ, పొర మందం ఇక్కడ కనిపిస్తాయి.

మూడు దూరాలు ఎందుకో తెలియాలంటే ఆగ్నెస్ మార్టిన్ చిత్రాలు చూడాలి. 6 అడుగుల చదరపు కాన్వాసు మీద పెన్సిల్‌తో గళ్లు గీసేవారు ఆమె. దగ్గర్నుంచి చూస్తే పెన్సిల్ మొన నేత దారాల మీద ఎక్కి దిగుతూ పోయిన జాడ, చేతి వణుకు కనిపిస్తాయి. కొన్ని అడుగులు వెనక్కి వేస్తే గీతలు కరిగి పొగమంచులా అవుతాయి. ఇంకా వెనక్కి వెళ్తే ఆ మంచు కూడా పోయి గోడలా గట్టిపడుతుంది. ఒకేచోట నిలబడి చూసి వెళ్లినవాళ్లకు మిగతా రెండూ దక్కవు. మార్క్ రోత్కో అయితే తన పెద్ద కాన్వాసుల్ని 18 అంగుళాల దూరం నుంచి చూడాలనేవారు. అంత దగ్గరలో అంచులు చూపులోంచి తప్పుకుని రంగు మాత్రమే మిగులుతుంది. గది అవతల నుంచి చూసి, ఉన్నవి మూడు పట్టీలే కదా అనుకుని వెళ్లిపోతే చూసినట్టు కాదు.

చీటీ మాత్రం అన్నిటికంటే చివర. చదివాక కంటికి స్వేచ్ఛ పోతుంది.

నూనెరంగు:

దగ్గర నిలబడ్డాక ఏం వెతకాలో నేను చెబుతాను. రూపం లేని బొమ్మలో కథ అంటూ ఉంటే అది ఆ బొమ్మ తయారైన వరుసే. ఏ రంగు ముందు పడింది, ఏది తర్వాత, చెయ్యి ఎటు కదిలింది, ఎక్కడ మనసు మార్చుకున్నారు, ఇవన్నీ పైపొర మీద రాసిపెట్టినట్టే ఉంటాయి.

ముందు పక్క అంచు చూడండి. ఫ్రేము లేని కాన్వాసైతే పక్కకు జరిగితే 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం కనిపిస్తుంది. ముందువైపు కప్పేసిన రంగులు అక్కడ కారి మిగిలిపోతాయి. ముందంతా బూడిద రంగు, పక్కన మాత్రం నారింజ చార ఉందనుకోండి. అంటే ఆ బూడిద కింద నారింజ పొర ఉందన్నమాట. మళ్లీ ముందుకొచ్చి చూడండి: ఆ బూడిదలో ఇందాక మీకు ఎందుకో తగిలిన వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు తెలుస్తుంది. కుంచె పల్చగా పోయిన చోట్ల సూదిమొనంత నారింజ చుక్కలు కూడా దొరుకుతాయి. ఈ ఒక్క పనికి 2 నిమిషాలు పెట్టినా చాలు, బొమ్మతో పరిచయం మొదలవుతుంది.

తర్వాత కారిన రంగు. కిందికి కారితే కాన్వాసును నిలబెట్టి వేశారు. పక్కకో పైకో కారితే మధ్యలో తిప్పారు. ఎటూ కారకుండా మడుగులా గుండ్రంగా ఆగి ఆరితే నేల మీద పరిచి వేశారు. జాక్సన్ పొలాక్ 1947 నుంచి 1950 వరకు వేసిన పెద్ద చిత్రాలు ఇలాంటివే. కాన్వాసు నేల మీద పరిచి, ఇళ్లకు వేసే ఎనామెల్ లాంటి పల్చటి రంగును కర్రతో, గట్టిపడిన కుంచెతో పైనుంచి జారవిడిచారు. వాటిలో ఒక్క గీత పట్టుకుని దాని వెంట చూపు నడపండి. చెయ్యి వేగంగా పోయిన చోట దారంలా సన్నబడుతుంది, నెమ్మదించిన చోట లావెక్కుతుంది, ఆగిన చోట చుక్కై ఉబ్బుతుంది. ఆ గీత ఇంకో గీతను దాటేచోట ఏది పైన ఉందో చూస్తే వరుస తెలుస్తుంది.

రెండు రంగులు కలిసే అంచు కూడా బోలెడు చెబుతుంది. తడి మీద తడి పడితే అంచులో మూడో రంగు పుడుతుంది, కుంచె ఒకదాన్ని ఇంకొకదాంట్లోకి ఈడ్చుకుపోతుంది. కింది పొర ఆరాక వేస్తే అంచు తెగినట్టు ఉంటుంది, పక్కనుంచి చూస్తే చిన్న మెట్టు కనిపిస్తుంది. టేపు అంటించి వేస్తే ఆ మెట్టు సన్నటి గట్టులా నిటారుగా ఉంటుంది, టేపు సరిగా అంటుకోని చోట రంగు కిందికి దూరి రంపపు పళ్లలా అవుతుంది. మోండ్రియాన్ చిత్రాల్ని అచ్చులో చూసినవాళ్లు తెలుపు భాగాలు ఒట్టి ఖాళీలనుకుంటారు. ఎదురుగా చూస్తే ఆ తెలుపు పొరలుపొరలుగా వేసిందని, ఒక్కో గడిలో కుంచె ఒక్కో దిక్కుకు పోయిందని తెలుస్తుంది. నల్ల గీతలే అన్నిటికంటే చదునుగా ఉంటాయి.

నూనెరంగో అక్రిలిక్కో పోల్చుకోవడం: నూనెరంగుకు మెరుపు ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొన్నిచోట్ల మెరిసి కొన్నిచోట్ల ఇంకిపోయి. అక్రిలిక్ చాలామటుకు ఒకే తీరున ఉంటుంది, మందంగా వేస్తే ప్లాస్టిక్ లాంటి గుండ్రటి అంచు వస్తుంది. పూత వెయ్యని పచ్చి కాన్వాసు మీద పల్చటి నూనెరంగు పోస్తే నూనె రంగును దాటి పాకి చుట్టూ ఒక మరక వలయం కడుతుంది. హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ 1952లో టర్పెంటైన్‌తో పల్చబరిచిన రంగుతో అలాగే వేశారు, ఆ వలయాలు చిత్రంలో భాగమైపోయాయి. వి.ఎస్. గాయ్‌తోండే (1924–2001) చిత్రాల్లో కుంచె గీత కోసం వెతికితే దొరకడం కష్టం. రోలర్‌తో, పాలెట్ నైఫ్‌తో (రంగులు కలిపే పల్చటి కత్తి) పల్చటి పొరలు వేసి, గీకి, మళ్లీ వేసేవారు. అక్కడ వెతకాల్సింది గీతల్ని కాదు, ఏ పొర లోతులోంచి వెలుగు వస్తోందో.

పగుళ్లు చూసి పాడైపోయిందని దాటిపోకండి. నెమ్మదిగా ఆరే పొర ఆరకముందే త్వరగా ఆరేది పైన వేస్తే, కింది పొర కదిలేకొద్దీ పైది చీలుతుంది. రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్ 1915లో వేసిన "నల్ల చదరం" అనే చిత్రం నిండా అలాంటి పగుళ్లే, వాటి సందుల్లోంచి కింది రంగులు తొంగిచూస్తాయి. 2015లో ఎక్స్‌రే తీస్తే దాని కింద వేరే రంగుల కూర్పులు బయటపడ్డాయి.

మేకుమట్టం:

బొమ్మలు తగిలించేవైపు నుంచి కొన్ని సంగతులు.

కాగితం మీద వేసినవి ఉన్న గది మసకగా ఉంటుంది. అది పొరపాటు కాదు. కాగితం, నీటిరంగులు, సిరా వెలుతురుకు వెలిసిపోతాయి, అందుకని వాటి మీద వెలుతురు 50 లక్స్‌కు (లక్స్ వెలుతురు కొలత) మించకుండా చూస్తారు. నూనెరంగు కాన్వాసులకు సాధారణంగా 200 లక్స్ దాకా. వెలుతురు గది నుంచి నేరుగా మసక గదిలోకి వెళ్తే రంగులన్నీ చచ్చినట్టుంటాయి. గుమ్మం దాటగానే 4, 5 నిమిషాలు ఏదీ పట్టించుకోకుండా నిలబడండి, లేత రంగులు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఈలోపు ఫోను తీసి చూశారంటే మళ్లీ మొదటికొస్తుంది.

కళ్లజోడు: ఎండలో నల్లబడే అద్దాలు లోపలికొచ్చాక పూర్తిగా తేటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా నీలాలు, తెలుపులు నమ్మొద్దు. నీలి వెలుతురును ఆపే పూత ఉన్నవి తెలుపును పసుపుగా చూపిస్తాయి. వేరే జత ఉంటే అది తీసుకెళ్లండి. బట్టలు ముదురు రంగువి వేసుకోండి. గాజు బిగించిన బొమ్మ ముందు తెల్ల చొక్కాతో నిలబడితే బొమ్మ బదులు చొక్కాయే కనిపిస్తుంది. అప్పటికీ మెరుపు వస్తుంటే ఎదురుగా నిలబడకుండా 20, 30 డిగ్రీలు పక్కకు జరగండి.

మామూలుగా బొమ్మ నడిమధ్య నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా తగిలిస్తారు. ఏదైనా బొమ్మ దీనికి బాగా పైనో కిందో ఉంటే కావాలనే అలా పెట్టారని గ్రహించండి. 1915 డిసెంబరులో రష్యాలోని పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో మాలెవిచ్ తన నల్ల చదరాన్ని గది మూలన, పైకప్పు దగ్గర, అక్కడి ఇళ్లలో దేవుడి పటం ఉంచే చోట పెట్టారు. ఆ చోటు తెలియకపోతే సగం మాట వినబడనట్టే. అలాగే ఒకే గోడ మీద పక్కపక్కన ఉన్న రెండింటినీ కలిపి చూడండి, క్యూరేటర్ (ప్రదర్శనను కూర్చినవారు) చెప్పదలచింది చాలాసార్లు ఆ మధ్య ఖాళీలో ఉంటుంది.

చీటీలో కొలతలుంటే ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. సంవత్సరం ఒకటి కాక 1998–2003 అన్నట్టుంటే అన్నేళ్లు దాని దగ్గరికి తిరిగి వచ్చారని. ప్రింట్ల మీద 7/25 అంటే 25 ప్రతుల్లో ఏడోది. అమ్మకానికి పెట్టిన ప్రదర్శనైతే ఎర్ర చుక్క అమ్ముడైనట్టు. సగం చుక్కకో వేరే రంగు చుక్కకో అర్థం గ్యాలరీని బట్టి మారుతుంది, ఎక్కువగా ఎవరో మాట ఇచ్చి ఉంచుకున్నదని. బల్ల దగ్గర అడిగితే చెబుతారు.

ఫోటోలు: అనుమతి ఉందో లేదో గుమ్మం దగ్గరే చూసుకోండి. ఉన్నా ఫ్లాష్ వద్దు, స్టాండు వద్దు. ఫోను తనకు తానే రంగు, వెలుతురు సరిదిద్దుకుంటుంది కాబట్టి గోడంతా పసుపు కాన్వాసైతే పసుపు పాలిపోతుంది, నల్లటిదాన్ని బూడిద చేసేస్తుంది. కొంచెం తెల్లగోడ కూడా ఫ్రేములోకి వచ్చేలా తీస్తే ఆ తప్పు తగ్గుతుంది. బొమ్మ తీసిన వెంటనే దాని చీటీ కూడా తీయండి, లేకపోతే తర్వాత ఏది ఏదో కలిసిపోతాయి. పెన్ను చాలాచోట్ల ఒప్పుకోరు, పెన్సిల్ తీసుకెళ్లండి. వీపు సంచి సామాను గదిలో పెట్టండి, కుదరకపోతే ముందుకు తగిలించుకోండి. చటుక్కున వెనక్కి తిరిగినప్పుడు సంచి బొమ్మకు తగలొచ్చు.

తొలిచూపు:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకో మూడు అడుగుతాను. ప్రదర్శన పత్రికలో పూర్తిగా నల్లగా ఉన్న బొమ్మ ఒకటి కనిపించింది, దాని ముందు 10 నిమిషాలు ఏం చూడాలి? సగానికి సగం బొమ్మలకు "అన్‌టైటిల్డ్" (పేరు పెట్టనిది) అని ఉంది, మరి చీటీ ఎందుకు పనికొస్తుంది? నేల మీది శిల్పాల దగ్గర ఎలా మసలుకోవాలి?

సున్నపుగోడ:

చీటీ విషయంలో కుంచెగీత గారితో నాకు కొంచెం భేదం ఉంది. పేరు చివర చదవాలి, నిజమే. "బ్రాడ్‌వే బూగీ వూగీ" అన్న పేరు (బ్రాడ్‌వే న్యూయార్క్‌లో ఒక వీధి) విన్నాక మోండ్రియాన్ పసుపు గడుల్లో వీధులూ వాహనాలూ తప్ప ఇంకేం కనిపించవు. కానీ సామగ్రి వరుస మాత్రం ముందే చదవాలి. "కాన్వాసు మీద నూనెరంగు, ఇసుక" అని తెలిస్తే గరుకుదనం కోసం కన్ను వెతుకుతుంది, తెలియకపోతే అది కుంచె పని అనుకుని పోతారు. చేత్తో పేరు వరుస కప్పి కింది వరుస చదివితే సరిపోతుంది. "అన్‌టైటిల్డ్" బొమ్మలకు ఆ ఇబ్బంది కూడా లేదు. నస్రీన్ మొహమదీ (1937–1990) తన సిరా, పెన్సిల్ గీతల చిత్రాలకు పేర్లు పెట్టలేదు, చాలావాటికి తేదీలూ వేయలేదు. గీత మందం, గీతకూ గీతకూ ఎడం, ఆ ఎడం ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గిందో, చదవాల్సింది అదే.

నల్ల బొమ్మ: నలుపుల్లో తేడా ఉందేమో ముందు చూడండి. యాడ్ రైన్‌హార్ట్ 1960 నుంచి వేసిన 5 అడుగుల చదరపు నల్ల చిత్రాలు తొలిచూపులో ఒట్టి నలుపే. 2, 3 నిమిషాలు అలాగే చూస్తూ ఉంటే తొమ్మిది గడులు, వాటిలో ఒక అడ్డనిలువు గుర్తు నెమ్మదిగా విడివడతాయి. ఒక గడి నలుపులో రవ్వంత ఎరుపు, ఇంకోదానిలో నీలం, ఇంకోదానిలో ఆకుపచ్చ కలిపి ఉంటుంది. మెరుపు లేకుండా చేయడానికి ఆయన రంగులోని నూనెను చాలామటుకు తీసేసేవారు. అందువల్ల ఆ పొర ఎంత సున్నితమంటే వేలు తగిలితే అక్కడ మెరిసే మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు, ఇంకా పెద్దదవుతుంది. మీరు చూడబోయేది ఎవరిదైనా పద్ధతి ఇదే: మీటరున్నర దూరంలో, దీపం మెరుపు తగలని చోట నిలబడండి. మధ్యలో ఒకచోట చూపు ఆనించి 2 నిమిషాలు కదలకండి, తర్వాత చూపును మూలల వైపు నెమ్మదిగా జరపండి. తర్వాత పక్కకు వెళ్లి ఏటవాలుగా చూడండి, ఒకటి మెరిసి ఒకటి మెరవని నలుపులు అప్పుడు బయటపడతాయి.

ఏది పైవైపు అన్న సందేహం వస్తే సిగ్గుపడకండి. మోండ్రియాన్ 1941లో రంగు టేపులతో చేసిన ఒక కూర్పు 75 ఏళ్లకు పైగా తలకిందులుగా వేలాడుతోందని జర్మనీలో దాన్ని ప్రదర్శిస్తున్న మ్యూజియం క్యూరేటర్ 2022లో చెప్పారు. తిప్పితే పాత టేపులు ఊడిపోయే ప్రమాదముందని అలాగే ఉంచారు.

కుంచెగీత:

సామగ్రి వరుస ముందు చదవమన్న మాట ఒప్పుకుంటున్నాను, పేరు కప్పి చదవడం మంచి ఉపాయం.

ఒక చేర్పు. చిన్న నోటుపుస్తకం పట్టుకెళ్లి ప్రతి బొమ్మకు అగ్గిపెట్టెంత పెట్టె గీసి, ముదురు భాగాల్ని పెన్సిల్‌తో నింపండి, చూపు తిరిగిన దారిని బాణంతో గుర్తించండి. గీయడం రాకపోయినా పర్లేదు. పక్కన ఒక రంగును పోలికతో రాయండి: "ఎరుపు" అని కాకుండా "తడి ఇటుక", "ఆరిన గోరింటాకు" అని. పోలిక దొరికేదాకా చూడాల్సి వస్తుంది, అందుకే రాయమనడం.

మేకుమట్టం:

నేల మీది శిల్పాలకు: గదిలో అడుగుపెట్టగానే ముందు నేల చూడండి, తర్వాతే గోడలు. గోడ మీది బొమ్మను ఫోటో తీస్తూ వెనక్కి నడవడం వల్లే నేల మీదివి తన్నుకుంటారు. వెనక్కి జరగాలంటే ఆగి, తిరిగి చూసి, అప్పుడు నడవండి. శిల్పం చుట్టూ ఒకసారి కుడివైపుగా, ఒకసారి ఎడమవైపుగా తిరగండి, కనీసం ఒక్కచోట మోకాళ్ల మీద వంగి దాని ఎత్తు నుంచి చూడండి. నేల మీద నీడ కూడా అందులో భాగమే.

తొక్కవచ్చా అన్నది ఊహించొద్దు. కార్ల్ ఆండ్రీ నేల మీద పరిచిన లోహపు పలకల మీద నడవాలనే ఉద్దేశంతో చేశారు, అదే ఆయన 1966లో 120 ఇటుకలతో పేర్చినదాని మీద కాలు పెట్టకూడదు. పైగా మొదట నడవనిచ్చినవాటిని కూడా ఇప్పుడు కొన్నిచోట్ల తొక్కనివ్వట్లేదు. గదిలో కాపలా ఉన్నవాళ్లను అడగండి. రోజంతా ఆ గదిలోనే ఉంటారు కాబట్టి ఏ వేళకు ఏ బొమ్మ మీద వెలుతురు బాగా పడుతుందో కూడా వాళ్లకు తెలిసే ఉంటుంది.